ఉప్పు మజ్జిగ

పోయిన వారం ఎల్లారావుని గేటు దగ్గర వదిలిపెట్టి వచ్చాం. పాపం, ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు. భుజానికి గుడ్డసంచి. సంచిలో ఒక తువ్వాలు, పని చేసేటప్పుడు వేసుకునే పాత చొక్కా, ఐదేళ్ళుగా క్లోరిన్ పొడి కొలిచిన స్టీలు గిన్నె. గేటు గడియ మీద చెయ్యి పెట్టాడు కానీ, తియ్యడానికి చెయ్యి రావడం లేదు.

అతను కోపంతో పని వదిలేసి వెళ్ళిపోవడానికి కారణం ముందు రోజు ఆ ఇంటికి వచ్చిన ఒక అట్టపెట్టె. భవానీపురంలో కృష్ణ ఒడ్డుకి రెండు వీధుల ఇవతల ఉన్న ఆ ఇల్లు మాణిక్యమ్మ గారిది. మోకాళ్ళ ఆపరేషన్ అయ్యాక రోజూ నీళ్ళలో నడవమని డాక్టరు చెబితే, ఇంటి వెనక స్విమ్మింగ్ పూల్ కట్టించుకున్నారు. నలభై వేల లీటర్ల నీళ్ళు. కట్టించడం ఒక ఎత్తు, ఆ నీళ్ళని పాచి పట్టకుండా కాపాడటం ఇంకో ఎత్తు. బెజవాడ ఎండకి పొద్దున్న వేసిన క్లోరిన్ సాయంత్రానికి ఆవిరైపోతుంది. అందుకని రోజూ తెల్లవారగానే ఎల్లారావు బకెట్టులో నీళ్ళు పోసి, అందులో గిన్నెడు పొడి కలిపి, పూల్ చుట్టూ తిరుగుతూ పోసేవాడు. ఆదివారం లేదు, పండగ లేదు. ఐదేళ్ళలో అతను పట్టుమని పది రోజులు కూడా మానలేదు.

అట్టపెట్టెలో వచ్చిన మిషను ఉప్పు నీళ్ళలోంచి క్లోరిన్ని తనే తయారు చేసుకుంటుందట. దాన్ని బిగించడానికి వచ్చిన చక్రి, ఫోనులో ఎవరితోనో, "ఇంక రోజూ మందు కలిపే గొడవే ఉండదండీ, మనిషితో పనే లేదు" అనడం ఎల్లారావు చెవిన పడింది. రాత్రంతా ఆ మాటే నమిలాడు. పొద్దున్నే వచ్చి, ఎవరికీ చెప్పకుండా, తన సామాను సర్దుకున్నాడు.

"ఎల్లారావూ."

వరండాలోంచి మాణిక్యమ్మ గారి గొంతు. గట్టిగా అరవలేదు. ఆవిడకి అరవాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. హనుమాన్ జంక్షన్‌లో ముప్ఫై ఏళ్ళు లారీ ఆఫీసు నడిపిన మనిషి. బండి దిగిన డ్రైవరు మొహం చూసి, దారిలో ఏం జరిగిందో అతను చెప్పకముందే చెప్పేవారని పేరు.

"అమ్మగారూ" అన్నాడు వెనక్కి తిరక్కుండానే.

"పోతే పో. కానీ ఆ గిన్నె నాది."

ఎల్లారావుకి మొహం చెల్లలేదు. ఇంత కోపంగా, ఇంత పౌరుషంగా వెళ్ళిపోతూ పరాయివాళ్ళ గిన్నె పట్టుకుపోతున్నాడని తేలింది. సంచిలోంచి గిన్నె తీసి, తువ్వాలుతో ఒకసారి తుడిచి, వరండా మెట్ల దాకా నడిచి వచ్చాడు.

"వచ్చావు కదా, కూర్చో" అన్నారావిడ.

అలా ఒక గిన్నె పుణ్యమా అని ఎల్లారావు మళ్ళీ లోపలికి వచ్చాడు.

అప్పటికే పంపు గది ముందు చక్రి గొట్టాలు పరిచేసుకుని ఉన్నాడు. ముప్ఫై ఐదేళ్ళ మనిషి, మాటకారి, తను చేసే పని ఎదుటివాళ్ళకి అర్థమయ్యేదాకా చెప్పకపోతే అన్నం సయించని రకం. గోడ పక్కన మూడు ఉప్పు బస్తాలు నిలబెట్టి ఉన్నాయి.

"చక్రీ, ఇదెట్టా పనిచేస్తదో ఈయనకి కూడా చెప్పు" అన్నారు మాణిక్యమ్మ గారు.

"ఏముందండీ బాబాయ్ గారూ" అని చక్రి అరచేతంత పొడవున్న ఒక పారదర్శకమైన గొట్టం చూపించాడు. లోపల నాలుగైదు సన్నటి రేకులు. "ఉప్పు కలిపిన నీళ్ళు దీంట్లోంచి పోతాయి. రేకులకి కరెంటు ఇస్తే ఆ ఉప్పులోంచే క్లోరిన్ వస్తది. అది నీళ్ళని శుభ్రం చేసి మళ్ళీ ఉప్పుగా మారిపోతది. వేసిన ఉప్పు ఎక్కడికీ పోదు. నీళ్ళు తోడితేనో, వాన పడి పొంగితేనో తగ్గుతది, అంతే. అప్పుడు కాస్త కలుపుకోవాలి."

"మరి రోజూ చూసేదెవరు?" అన్నాడు ఎల్లారావు.

"రోజూ చూడక్కర్లేదండీ. వారానికోసారి ఈ కాగితం ముక్క ముంచి రంగు చూసుకుంటే చాలు. మన బోరు నీళ్ళకి గిన్నెల్లో తెల్లగా పెచ్చు కడతది చూడండి, అట్టాంటిది ఈ రేకుల మీద కూడా కడతది. నెలకోసారి తీసి కడగాలి."

"ఉప్పు ఎంత?"

"లీటరుకి మూడున్నర గ్రాములు."

ఎల్లారావు నవ్వాడు. ఆ పొద్దున అతను నవ్వడం అదే మొదలు. "సముద్రంలో పదో వంతు" అన్నాడు.

చక్రి ఆశ్చర్యపోయాడు. "కరెక్టుగా చెప్పారే."

"ఉప్పు గురించి నాకు చెప్పేదేముంది బాబూ. మాది నాగాయలంక అవతల. పుట్టింది సముద్రం మీద. పెళ్ళయ్యాక పన్నెండేళ్ళు కైకలూరు దగ్గర రొయ్యల చెరువుల మీద నీళ్ళు చూశా. అక్కడ మీటర్లు పట్టుకుని వచ్చే ఇంజనీర్లు ముందు నన్నడిగి, తర్వాత మీటరు ముంచేవాళ్ళు. వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంటే చెప్పేవాణ్ణి, ఉప్పెంతో. బ్లీచింగు డ్రమ్ము మూత తీస్తే వాసనని బట్టి చెప్పేవాణ్ణి, సరుకు బతికుందో చచ్చిందో."

చెబుతుంటే అతని గొంతులో పాత రోజులు పలికాయి. కానీ చివరి మాట దగ్గర ఎందుకో తడబడ్డాడు. చక్రి అది గమనించలేదు. మాణిక్యమ్మ గారు గమనించారు. గమనించి, చక్రిని పంపు గదిలో పని చూసుకోమని పంపించి, చేతికర్ర పట్టుకుని తనే నెమ్మదిగా వంటింట్లోకి వెళ్ళారు.

తిరిగి వచ్చినప్పుడు ఆవిడ చేతిలో పొడుగాటి స్టీలు గ్లాసు ఉంది. నిండా మజ్జిగ. పైన కరివేపాకు రెబ్బ తేలుతోంది.

"తాగు. ఎండన పడి పోదువు గాని" అన్నారు.

ఎల్లారావుకి కొంచెం మనసు కరిగింది. ఆవిడ స్వయంగా లేచి వెళ్ళి తెచ్చారు. ఆ మోకాళ్ళతో. గ్లాసు రెండు చేతులా అందుకుని, మెట్టు మీద కూర్చుని, గుటగుటా సగం తాగేశాడు. ఆగి ఊపిరి తీసుకుని మిగతా సగంలో మూడు వంతులు తాగాడు.

"ఎట్టా ఉంది?"

"బాగుందండి. చల్లగా ఉంది."

"ఉప్పు సరిపోయిందా?"

"సరిపోయిందండి. సరిగ్గా ఉంది."

మాణిక్యమ్మ గారు వరండా స్తంభానికి ఆనుకుని, కర్రని గోడకి చేరేసి, మెల్లగా అతని పక్కనే, రెండు మెట్లు పైన కూర్చున్నారు. ఆపరేషన్ అయ్యాక ఆవిడ మెట్ల మీద కూర్చోవడం ఎల్లారావు ఎప్పుడూ చూడలేదు.

"ఎల్లారావూ, దాంట్లో రెండు చెంచాల ఉప్పేశాను. నిండు చెంచాలు. నేను నాలిక మీద చుక్క వేసుకుని సింకులో ఉమ్మేసి వచ్చాను."

అతను గ్లాసులోకి చూశాడు. అడుగున ఇంకా రెండు గుక్కల మజ్జిగ ఉంది. గ్లాసెత్తి ఒక గుక్క నోట్లో పోసుకుని, మింగకుండా అటూ ఇటూ తిప్పాడు. చల్లదనం తెలిసింది. పలచదనం తెలిసింది. కరివేపాకు మెత్తగా పంటికి తగిలింది. ఉప్పు మాత్రం లేదు. ఎక్కడా లేదు.

"జలుబు చేసిందండి" అన్నాడు మింగేసి.

"దసరా నుంచీ జలుబేనా?"

ఎల్లారావు తలెత్తాడు. దసరా మాట ఆవిడకి ఎలా తెలిసింది? ఆ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. తన ఇంట్లో కూడా చెప్పలేదు.

"శనివారమే కొండలమ్మ ఫోన్ చేసింది" అన్నారు మాణిక్యమ్మ గారు. "నీకు చెప్పొద్దంది. కానీ ఇట్టాంటివి దాస్తే కుదరదు. అంతకు ముందు రోజు, శుక్రవారం, చేపల పులుసు పాడైపోతే పారబోద్దామని పక్కన పెట్టిందట. నువ్వు వెళ్ళి వడ్డించుకుని తిన్నావట. తిని, ఇంకాస్త ఉందా అని అడిగావట. నీ భార్య ఆ రాత్రంతా నిద్రపోలేదు."

ఎల్లారావు గ్లాసు మెట్టు మీద పెట్టాడు. కొండలమ్మ అతనికి ఇరవై నాలుగేళ్ళ నుంచి వండి పెడుతోంది. ఒకప్పుడు బోటు మీంచి దిగిన గంప ఇంకా పది గజాల దూరంలో ఉండగానే అందులో ఏ చేపలున్నాయో, ఏ పూట పట్టినవో చెప్పిన మనిషికి, కంచంలో పాడైన చేప తెలియలేదు. ఆమె ఎదురుగా కూర్చుని చూసింది. చూసి కూడా అతన్ని ఒక్క మాట అనలేదు. ఆ అనకపోవడమే ఇప్పుడు అతన్ని కెలికింది.

దసరాల్లో మొదలైంది. ముందు వాసనలు పలచబడ్డాయి. అగరొత్తులు, కిరసనాయిలు, ఆఖరికి బ్లీచింగు కూడా. తర్వాత నాలిక మొద్దుబారింది. ఇదేదో వచ్చి పోయేదిలే అనుకున్నాడు. సంక్రాంతి దాటింది, శివరాత్రి దాటింది. వచ్చింది పోలేదు. డాక్టరు దగ్గరికి వెళ్ళాలంటే భయం వేసింది. చేతిలో చదువు కాగితం లేని మనిషికి ముక్కూ నాలికే ఆధారం. ఆ రెండూ లేవని తెలిస్తే నీళ్ళు చూసే పనికి ఎవరు పిలుస్తారు?

"ఐదేళ్ళు ఆ పొడి పీల్చావు" అన్నారు మాణిక్యమ్మ గారు. "మాస్కు కొనిస్తే మొహమంతా చెమట పడతందని పక్కన పెట్టావు. నేనూ గట్టిగా చెప్పలేదు. తప్పు నాది కూడా. ఈ మిషను తెప్పించింది నిన్ను పొమ్మనడానికి కాదు. నువ్వు ఇంక ఆ డ్రమ్ము మూత తియ్యకూడదని. నిన్న చెబుదామనుకున్నాను, ఈలోగా చక్రి నోరు ముందు పరిగెత్తింది."

"వారానికోసారి కాగితం ముంచడానికి మనిషెందుకండీ?"

"నాకు రోజూ నీళ్ళలో నడిచేటప్పుడు ఒడ్డున మనిషి కావాలి. కాలు జారితే పట్టుకోడానికి. ఆ పని ఏ మిషనూ చెయ్యదు. అదీకాక, గవర్నరుపేటలో ముక్కు డాక్టరు దగ్గర గురువారానికి టైము తీసుకున్నాను. నువ్వూ కొండలమ్మా వెళ్ళాలి. వెళ్ళనంటే నేను కర్ర పట్టుకుని వెనకాల వస్తాను."

ఇంకెవరైనా అయితే ఇక్కడితో కళ్ళు తుడుచుకుని, గిన్నె కడిగి గూట్లో పెట్టి, పనిలో పడేవాళ్ళు. ఎల్లారావు కూడా ఆ మాట విన్నప్పుడు ఒక్క క్షణం అలాగే చేద్దామనుకున్నాడు. పని పోలేదు, పరువు పోలేదు. ఊరుకుంటే సరిపోయేది. కానీ రెండు నెలలుగా అతని గొంతులో ఇంకొకటి అడ్డం పడి ఉంది. దానికి ఉప్పుతోనూ సంబంధం లేదు, మజ్జిగతోనూ లేదు.

"అమ్మగారూ" అన్నాడు. "ఉగాది వెళ్ళిన రెండో ఆదివారం."

మాణిక్యమ్మ గారి మొహం మారింది. ఆ ఆదివారాన్ని ఆ ఇంట్లో ఎవరూ మర్చిపోలేదు. ఆవిడ మనవరాలు, ఎనిమిదేళ్ళ సింధూరి, నీళ్ళలోకి దిగిన పది నిమిషాలకి కళ్ళు రక్తం చిమ్మేటంత ఎర్రబడి, దగ్గుతూ, ఊపిరి అందక బయటికి వచ్చింది. రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచారు. పిల్ల కోలుకుంది కానీ ఇప్పటికీ పూల్ దగ్గరికి రాదు. దూరం నుంచే ముక్కు మూసుకుంటుంది. నీళ్ళలో క్లోరిన్ మూడు రెట్లు ఉందని తర్వాత పరీక్షలో తేలింది. ఎవరు వేశారని అడిగితే, రోజూ వేసేదే ఒక గిన్నె వేశానన్నాడు ఎల్లారావు. అయితే ఇంకోసారి ఎవరో వేసి ఉండాలి. పంపు గది రెండో తాళంచెవి వాచ్‌మన్ ఏసుపాదం దగ్గర ఉండేది. ఎల్లారావు సెలవు పెట్టిన రోజుల్లో మందు వేసేది కూడా ఆయనే. సింధూరి తల్లి భానుశ్రీ కోపంతో ఊగిపోతూ అడిగింది. ఏసుపాదం కాసేపు నేల చూపులు చూసి, "పొరపాటైపోయిందమ్మా" అన్నాడు. ఆ సాయంత్రమే తన ట్రంకుపెట్టె తీసుకుని మైలవరంలో కూతురింటికి వెళ్ళిపోయాడు.

"ఆ రోజు మూడు గిన్నెలు వేసింది నేనండి" అన్నాడు ఎల్లారావు.

చెప్పడం మొదలుపెట్టాక ఇక ఆగలేదు. డ్రమ్ము మూత తీస్తే వాసన రాలేదు. పొడి పాతబడిపోయింది, సరుకు చచ్చిపోయింది అనుకున్నాడు. రొయ్యల చెరువుల మీద అందరూ చేసేది అదే. వాసన తగ్గితే కొలత పెంచుతారు. అంతకు ముందే ఆ వాసన కోసం పొడి అమ్మే కొట్టు బసవపున్నయ్యతో రెండుసార్లు తగువు పెట్టుకుని, చచ్చిన సరుకు అంటగడుతున్నావని నలుగురిలో తిట్టి, రెండు డ్రమ్ములు మార్పించాడు. పాపం బసవపున్నయ్య మూత తీసి, ముక్కు మూసుకుని, "ఇంతకన్నా ఘాటు ఎక్కణ్ణుంచి తేనయ్యా" అని మొత్తుకున్నాడు. ఎల్లారావు నమ్మలేదు. అందరి ముక్కులూ తప్పు, తన ముక్కే ఒప్పు అనుకున్నాడు. ఆ ఆదివారం పిల్ల దగ్గుతుంటే అప్పుడు తెలిసింది, చచ్చింది సరుకు కాదని.

"పరీక్ష కాగితాలు డబ్బా నిండా ఉన్నాయి కదా. ఒక్కటి ముంచి చూడలేకపోయావా?"

"కాగితం చూసి నీళ్ళు చెప్పడం అంటే నామోషీ అనిపించిందండి."

ఆ మాట అన్నాక అతనికే సిగ్గేసింది. తన నామోషీ కోసం ఒక పిల్ల ఊపిరాడక అల్లాడింది. ఒక ముసలాయన నెత్తిన నింద వేసుకుని ఊరు వదిలాడు. ఎల్లారావు మెట్టు మీద వంగిపోయి, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. మగవాడు ఏడిస్తే చూడకూడదన్నట్టు మాణిక్యమ్మ గారు పూల్ వైపు తిరిగి కూర్చున్నారు. కానీ ఆవిడ చెయ్యి అతని భుజం మీదే ఉంది.

అప్పుడు వెనకాల తలుపు కదిలింది.

భానుశ్రీ గుమ్మంలో నిలబడి ఉంది. మందు సంగతి మొదలైనప్పుడు వచ్చిందో, అంతకు ముందే వచ్చిందో. మొహంలో నెత్తురు చుక్క లేదు. ఎల్లారావు గబుక్కున లేచి నిలబడ్డాడు. ఈవిడ అరుస్తుంది, అరవాలి, అరిస్తే తనకి కొంచెం బరువు తగ్గుతుంది అనుకున్నాడు.

భానుశ్రీ అరవలేదు. అత్తగారి వైపు చూసింది.

"అత్తయ్యా, ఆ రోజు ఏసుపాదం గారిని పొమ్మన్నది నేను" అంది. "ఒకసారి కూడా కూర్చోబెట్టి అడగలేదు. అరవయ్యేళ్ళ మనిషిని గేటు దగ్గర నిలబెట్టి మాట్లాడాను. వెళ్ళేటప్పుడు పాప ఎలా ఉందమ్మా అని అడిగితే జవాబు కూడా చెప్పలేదు."

అప్పుడు ఎల్లారావు వైపు తిరిగింది. పంపు గదిలో చక్రి ఏదో బిగిస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఎల్లారావు గారూ, మీ మీద నాకు కోపం లేదని చెప్పను. చాలా ఉంది. కానీ దాని సంగతి తర్వాత. ముందు ఆయనకి చెప్పాలి. ఏసుపాదం గారి నంబరు మీ దగ్గరుందా?"

ఉంది. రెండు నెలల్లో ఎల్లారావు ఎన్నిసార్లు ఆ నంబరు తీసి, చూసి, మళ్ళీ ఫోను జేబులో పెట్టుకున్నాడో లెక్కలేదు. ఎందుకు ఒప్పుకున్నావని అడగాలని ఉండేది. అడిగితే చెప్పాల్సింది తనకే ఎక్కువ ఉందని భయం వేసేది. ఇప్పుడు ఫోను తీశాడు. భానుశ్రీ అందుకుని, నంబరు నొక్కి, స్పీకరు పెట్టి, వరండా అరుగు మీద ముగ్గురి మధ్యా పెట్టింది.

నాలుగు రింగులకి ఎత్తారు.

"చెప్పు తమ్ముడూ." అదే గొంతు. తొందర లేని గొంతు. వెనకాల ఎక్కడో నీళ్ళ మోటారు తిరుగుతోంది.

"అన్నా, నేను ఎల్లారావుని. అమ్మగారూ, భానుశ్రీ గారూ ఇక్కడే ఉన్నారు. వింటున్నారు." ఎల్లారావు చెప్పేశాడు. "ఆ రోజు మందు ఎక్కువేసింది నేనే అన్నా. నాకు వాసన తెలియట్లేదు. దసరా నుంచీ తెలియట్లేదు. నువ్వు నింద మోస్తంటే నోరు మూసుకుని చూశాను. నీ కాళ్ళు పట్టుకోడానికి కూడా నాకు అర్హత లేదు."

అవతల మోటారు ఆగిపోయింది. ఎవరో ఆపమని చెప్పి ఉంటారు.

"తెలుసులే" అన్నాడు ఏసుపాదం.

"ఎట్టా తెలుసు?"

"డ్రమ్ము మూత తీసి అంత దగ్గరగా వంగి కలుపుతుంటావు, దూరాన నిలబడ్డ నాకు దగ్గొచ్చేది, నీకొచ్చేది కాదు. అనుమానం అప్పుడే వచ్చింది. ఆ రోజు ఖాయమైంది. పాపని ఆసుపత్రికి తీసుకెళ్ళిన గంటకి కొండలమ్మ నా గదికొచ్చింది."

భానుశ్రీ ఫోనుకి దగ్గరగా వంగింది. ఏసుపాదం చెబుతూనే ఉన్నాడు.

"'మా ఆయనకి ముక్కు పోయిందన్నా, ఈ పని కూడా పోతే మనిషి మిగలడు' అంది. ఏడ్చింది. నేను సరేనన్నాను. కానీ ఊరికే ఒప్పుకోలేదు తమ్ముడూ. నేను అంత గొప్పోణ్ణేం కాదు. ఆమె నాకొక మాట ఇచ్చింది. దేవుడి మీద ప్రమాణం చేసి మరీ ఇచ్చింది. ఆ మాట కోసం ఒప్పుకున్నాను."

"ఏం మాట అన్నా?"

"రెండు నెలలు చూశాను. ఇంకా నిలబెట్టుకోలేదు." ఏసుపాదం గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "అది నా నోటి నుంచి రావడం బాగుండదు. ఆమెనే అడుగు."

గేటు గడియ చప్పుడైంది. పదకొండున్నర. ఐదేళ్ళుగా ఎల్లారావుకి అన్నం వచ్చే వేళ అది. కొండలమ్మ ఒక చేత్తో కారియర్ పట్టుకుని, ఇంకో చేత్తో గేటు వేసి, ఎండకి కొంగు నెత్తి మీదికి లాక్కుంటూ లోపలికి వచ్చింది. వరండాలో ముగ్గురినీ చూసింది. మెట్టు మీద మజ్జిగ గ్లాసు చూసింది. భర్త ఎర్రబడ్డ కళ్ళు చూసింది. చివరికి అరుగు మీద వెలుగుతున్న ఫోను దగ్గర ఆమె చూపు ఆగింది.

కారియర్ కింద పెట్టలేదు. అలాగే పట్టుకుని మెట్ల దాకా వచ్చింది.

"లైన్లో ఏసుపాదం అన్నేనా?" అంది.

ఎల్లారావు తలూపాడు.

"పెట్టెయ్యొద్దని చెప్పండి" అంది కొండలమ్మ. "భానుశ్రీ గారూ, మీరు కూడా కూర్చోండమ్మా. నేనిప్పుడు చెప్పేది మీ పాప గురించి."